టెర్రస్ మీద మనిషి, సెల్లార్‌లో డబ్బా

(లిఫ్టులు, ఏసీలు, సీసీ కెమెరాలు, సోలార్ ప్యానెళ్ళు బిగించి మరమ్మతు చేసే చిన్న సంస్థల యజమానులు, సూపర్‌వైజర్లు, టెక్నీషియన్ల ముందు హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో ఒక రిటైర్డ్ సేఫ్టీ ఆఫీసర్ చేసిన ప్రసంగ పాఠం)

వెనక వరసల్లో వినబడుతోందా? సరే. ఫ్యాన్ ఆపకండి అన్నా, ఉండనీయండి, గొంతు నేనే పెంచుతాను.

ఇందాక నన్ను పరిచయం చేసిన తమ్ముడు "సార్ ప్రథమ చికిత్స గురించి మాట్లాడతారు" అనగానే ముందు వరసలో ఇద్దరు గడియారం చూసుకున్నారు. నేను చూశాను. తప్పు పట్టను. ప్రథమ చికిత్స అంటే మనకు గుర్తొచ్చేది గోడకు తగిలించిన తెల్ల డబ్బా. దాని మీద ఎర్ర ప్లస్ గుర్తు. తాళంచెవి ఒకరి దగ్గర ఉంటుంది, దెబ్బ తగిలిన రోజు ఆ ఒకరు సెలవులో ఉంటారు. (నవ్వులు) పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీల్లో 26 ఏళ్ళు అలాంటి డబ్బాలకు కాపలా కాసినవాణ్ణి నేను. ఇవాళ ఆ డబ్బా గురించి కాదు. ఆ గోడకు 30 కిలోమీటర్ల దూరంలో ఒక్కడే పనిచేసుకుంటున్న మనిషి గురించి మాట్లాడదామని వచ్చాను.

ముందు ఒక సంగతి చెబుతాను. ఫ్యాక్టరీ ఉద్యోగం అయిపోయాక లిఫ్టులు మెయింటెనెన్స్ చేసే ఒక సంస్థకు కొన్నాళ్ళు సలహాదారుగా ఉన్నాను. పేరు అనవసరం, ఎందుకంటే తప్పులో నా వాటా కూడా ఉంది. వాళ్ళకు చెక్‌లిస్ట్ రాసిచ్చింది నేనే. అందులో ఒక గడి: "ప్రతి టెక్నీషియన్ బండిలో ఫస్ట్ ఎయిడ్ కిట్ ఉందా?" అందరి పేర్ల ఎదుటా టిక్ పడింది. నాకూ తృప్తిగా అనిపించింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం 24 ఏళ్ళ కుర్రవాడు నెలవారీ సర్వీసుకని కొంపల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌కు వెళ్ళాడు. అయిదంతస్తులు. మోటార్ రూమ్ టెర్రస్ మీద. పిల్లలు ఆడుకుంటూ లోపలికి వస్తారని తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టుకున్నాడు. అతని వైపు నుంచి చూస్తే అది జాగ్రత్తే కదా! పని అయ్యాక ఇనుప నిచ్చెన దిగుతుంటే కాలు జారింది. మడమ విరిగింది. పడుతూ పడుతూ రేకు అంచు పట్టుకోబోతే మోచేతి కింద నాలుగంగుళాలు తెగింది. ఫోన్ ఎక్కడుంది? కింద వాచ్‌మెన్ గదిలో ఛార్జింగ్‌లో. మరి నేను టిక్ పెట్టించిన కిట్? సెల్లార్‌లో, బండి డిక్కీలో, పద్ధతిగా ఉంది.

2 గంటల 40 నిమిషాలు ఆ గదిలో ఉన్నాడు. నూనె తుడుచుకునే బనియన్ వేస్ట్‌తో చేయి చుట్టుకున్నాడు. అరిచి అరిచి గొంతు పోయింది. సాయంత్రం ఆరేసిన బట్టలు తీసుకోవడానికి పైకి వచ్చిన ఒక అమ్మ మూలుగు విని తలుపు కొట్టింది. అతను పాక్కుంటూ వచ్చి గడియ తీశాడు. బతికాడు. కానీ ఆ నూనె గుడ్డ వల్ల చేతికి చీము పట్టి, నాలుగు నెలలు పనికి రాలేకపోయాడు. ఆఫీసులో సూపర్‌వైజర్ రెండుసార్లు ఫోన్ చేశాడట. ఎత్తలేదు. "ఆదివారం కదా సార్, పని ముగించుకుని సినిమాకు పోయాడేమో అనుకున్నా" అన్నాడు నాతో. అతన్ని నేను ఏమీ అనలేకపోయాను. నా చెక్‌లిస్ట్ ప్రకారం ఆ రోజు అంతా సక్రమంగానే ఉంది.

అప్పటి నుంచి నాకు ఒక్కటే ప్రశ్న. కిట్ ఉందా అని అడగను. "మీవాడు పడిపోతే ఎన్ని నిమిషాలకు ఇంకొక మనిషికి తెలుస్తుంది?" అని అడుగుతాను. దీనికి జవాబు నిమిషాల్లో చెప్పగలిగిన యజమాని నాకు ఇప్పటికి ఇద్దరే తగిలారు.

మన చట్టాలు తలలు లెక్కపెడతాయి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 45వ సెక్షన్ చూడండి. ఒకేసారి పనిలో ఉండే ప్రతి 150 మందికి ఒక ఫస్ట్ ఎయిడ్ బాక్స్, దానికి శిక్షణ ఉన్న ఒక బాధ్యుడు, 500 మంది దాటితే అంబులెన్స్ రూమ్. సనత్‌నగర్‌లో ఆల్విన్, కవాడిగూడలో ప్రాగా టూల్స్ లాంటి పెద్ద ఫ్యాక్టరీలు నడిచిన కాలానికి అది సరిపోయింది. సైరన్ మోగితే అందరూ ఒకే గేటులోంచి లోపలికి వచ్చి, ఒకే కప్పు కింద పనిచేసేవాళ్ళు. వేలు నలిగితే పక్క మిషన్ మీది మనిషి చూసేవాడు. ఆ చట్టం స్థానంలో ఇప్పుడు 2020 నాటి వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. చట్టం మారినా మన బుర్రలో లెక్క మాత్రం ఇంకా డబ్బా, తల దగ్గరే ఆగిపోయింది. 12 మంది స్టాఫ్, ఒక డబ్బా, అయిపోయింది. ఆ 12 మందీ పొద్దున 9 గంటలకు 12 దిక్కులకు పోతారు. డబ్బా ఆఫీసులో మేనేజర్‌తో పాటు చల్లగా కూర్చుంటుంది.

ఇందులో ఒక చిన్న మినహాయింపు చెప్పాలి. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం మాత్రం ప్రతి వాహనంలోనూ ప్రథమ చికిత్స సామగ్రి అందుబాటులో ఉండాలంది. డ్రైవరు ఊరి బయట ఉంటాడు, డబ్బా డిపోలో ఉంటే ఏం లాభం అని ఎవరో ఆలోచించారన్నమాట. బ్రిటన్‌లో 1981లో వచ్చిన ప్రథమ చికిత్స నిబంధనల్లోనూ ఇదే ధోరణి. అక్కడ లెక్క తలలతో ఆగదు. ఆ పనిలో ఏ ప్రమాదం ఉంది, ఆసుపత్రి ఎంత దూరం, మనిషి ఒంటరిగా ఉంటాడా, తిరుగుతూ ఉంటాడా అన్నవి యజమాని చూసుకోవాలి. తిరిగేవాళ్ళకు చిన్న కిట్, శిక్షణ, కబురు పంపే సాధనం. ఇంకో మాట, అక్కడ ఆ బాక్సులో మాత్రలు పెట్టవద్దంటారు. మన బాక్సులు తెరిచి చూడండి, ఉండేవన్నీ మాత్రలే. కట్టు కట్టడానికి గుడ్డ ఉండదు గానీ తలనొప్పి మాత్రలు రెండు రకాలుంటాయి.

సరే, నిమిషాల దగ్గరికి వద్దాం.

గుండె గానీ ఊపిరి గానీ ఆగిపోతే 4 నుంచి 6 నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. మీరు గంటకోసారి ఫోన్ చేసే పద్ధతి పెట్టారనుకోండి. మంచిదే. కానీ కరెంటు షాక్ కొట్టి గుండె ఆగినవాడికి ఆ ఫోన్ పనికిరాదు. నడుముకు ఎంత మంచి కిట్ కట్టినా పనికిరాదు. స్పృహ లేనివాడు తనకు తాను ప్రథమ చికిత్స చేసుకోలేడు. అలాంటి ప్రమాదం ఉన్న పనికి ప్రథమ చికిత్స పేరు "రెండో మనిషి". అంతే, దానికి ఇంకో మందు లేదు. లైవ్ ప్యానెల్ మీద పని, ఎత్తు మీద పని, సంపులోకో ట్యాంకులోకో దిగే పని ఒక్కణ్ణి పంపి చేయించకూడదు. ఆ రెండో మనిషికి కూడా చేతులు కట్టుకుని నిలబడటం కాకుండా గుండె నొక్కడం తెలిసుండాలి. ఛాతీ మధ్యలో, అయిదు సెంటీమీటర్లు లోపలికి పోయేటట్టు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు.

హెల్పర్‌కు రోజుకు ఇచ్చే కూలి గురించి మీరు నాతో వాదిస్తారని తెలుసు. ప్రతిచోటా వాదిస్తారు. రెండో మనిషిని పెట్టలేనంత తక్కువకు ఆ కాంట్రాక్టు ఒప్పుకోవడమే తప్పని నా అభిప్రాయం. కోపం వస్తే రానివ్వండి.

సంపు మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. అపార్ట్‌మెంట్ సంపులు, సెప్టిక్ ట్యాంకులు, మ్యాన్‌హోళ్ళు. వీటిలో ఒకడు పడిపోతే రెండోవాడు దిగుతాడు, అతని కోసం మూడోవాడు దిగుతాడు. పేపర్లో మనం ఎన్నిసార్లు చదవలేదు! హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. అయితే మోతాదు ఎక్కువైతే ముక్కు ఆ వాసన పసిగట్టడమే మానేస్తుంది. "వాసన పోయింది, ఇక దిగొచ్చు" అనుకుంటాడు పాపం. పైన ఉన్నవాడి పని దిగడం కాదు. ముందే నడుముకు కట్టిన తాడుతో లాగడం, ఫైర్ వాళ్ళను పిలవడం.

కరెంటు విషయంలోనూ ఇలాంటిదే ఒక అపోహ. ఇంటి కరెంటైతే మెయిన్ ఆపేయాలి, ఆపలేకపోతే ఎండిన కర్రతో తీగను తప్పించొచ్చు. దాన్ని 11 కేవీ లైను దగ్గర చేయబోకండి. అక్కడ ఎండు కర్ర కూడా కాపాడదు. కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసి సప్లై తీయించేదాకా దూరంగా ఉండాల్సిందే. లైన్‌మెన్ అన్నలను అడగండి, ఎల్‌సీ, అంటే లైన్‌లో సప్లై ఆపారన్న అనుమతి, తీసుకోకుండా స్తంభం ఎక్కినవాడి కథ ఏ సెక్షన్ ఆఫీసులోనైనా ఒకటుంటుంది.

ఇక రెండో రకం ప్రమాదాలు. స్పృహ ఉంటుంది, కానీ వ్యవధి తక్కువ. రక్తం కారడం, ఎండదెబ్బ, షుగర్ పడిపోవడం, పాము కాటు, ఛాతీ నొప్పి. ఒంటరిగా పనిచేసేవాడికి నిజంగా నేర్పాల్సింది వీటికే. ఇక్కడ డాక్టరు వాడే, రోగీ వాడే. పైగా ఒక చెయ్యి పనిచేయదు. మామూలు శిక్షణలో మనం ఎప్పుడూ పక్కవాడికి కట్టు కడతాం. తన చేతికి తాను కట్టుకోవడం ఎవరూ నేర్పరు.

రక్తానికి నొక్కడమే మందు. శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోవాలి, మధ్యలో ఎత్తి చూడకుండా 10 నిమిషాలు. ఆగిందేమోనని మనం ప్రతి అర నిమిషానికీ ఎత్తి చూస్తాం. కట్టుకునే గడ్డను మనమే పీకేస్తాం. తడిస్తే దాని మీదే ఇంకో గుడ్డ వేయాలి. దూది నేరుగా గాయం మీద పెట్టకూడదు, పీచు అతుక్కుంటుంది. పసుపు, కాఫీ పొడి, సున్నం వంటింట్లోనే ఉండనీయండి. నొక్కినా ఆగకుండా చేతి నుంచో కాలి నుంచో చిమ్ముతూ ఉంటే అప్పుడు ఆఖరి ఉపాయంగా గాయానికి పైన వెడల్పాటి పట్టీ బిగించి, బిగించిన టైమ్ రాసుకోవాలి. సన్నటి తాడు, వైరు వద్దు.

అదే పట్టీని పాము కాటుకు మాత్రం కట్టకండి! ఊరి చివర టవర్ల దగ్గర, సోలార్ ఫీల్డుల్లో పనిచేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. మన దగ్గర ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. ఏది కరిచిందో మీరు తేల్చక్కర్లేదు. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు ఈ నాలుగింటికీ కలిపి చేసిందే. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం మూడూ వద్దు. ఉంగరం, గడియారం తీసేయాలి, వాపు వస్తే ఇరుక్కుంటాయి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి ఫోన్ చేయాలి. సొంతంగా బండి నడుపుకుంటూ బయల్దేరొద్దు, కట్లపాము కాటుకు కళ్ళు మూతలు పడతాయి, బండి మీద ఉండగా పడితే ఏం కాను? ఫోన్ కలవకపోతే పరుగెత్తకుండా, మెల్లగా నడుస్తూ మనుషులున్న చోటికి చేరాలి.

ఛాతీ నొప్పికి వాట్సాప్ వైద్యం ఒకటుంది. మీ అందరికీ వచ్చే ఉంటుంది. "ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండండి, బతుకుతారు." మా బావమరిది నాకే మూడుసార్లు పంపాడు. అది నమ్మకండి. దగ్గుతూ కూర్చుంటే చేయాల్సిన ఫోన్ ఆలస్యం అవుతుంది. చేయాల్సినవి వరసగా ఇవి: పని ఆపు. కూర్చో. తలుపు గడియ తియ్యి. 108కి ఫోన్ చెయ్యి. ఆస్పిరిన్ పడనివాళ్ళు కాకపోతే, ఫోన్లో వాళ్ళు వేసుకోమంటే నమిలి మింగు. గడియ తీయడం ఎందుకు ముందు చెప్పానో కొంపల్లి సంగతి విన్న మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఎండదెబ్బ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఏసీ మెకానిక్కులకు పని ఎక్కువగా ఉండేదీ అప్పుడే. అవుట్‌డోర్ యూనిట్లన్నీ ఎండ పడే గోడకే ఉంటాయి. ఎండదెబ్బకు ముందుగా పోయేది బుద్ధి. ఒళ్ళు కాలిపోతుంది, మాట తడబడుతుంది, ఏం చేస్తున్నాడో వాడికే తెలియదు. "నాకు ఎండదెబ్బ తగిలింది" అని వాడు గుర్తించలేడు. పక్కన మనిషి ఉంటే చూసి చెబుతాడు. ఒంటరివాడికి చెప్పేదెవరు? షుగర్ పడిపోయినా ఇంతే. చెమటలు, వణుకు, చిరాకు, ఆ తర్వాత తికమక. దూరం నుంచి చూసేవాళ్ళకు తాగినట్టు కనిపిస్తాడు. అందుకే నేను ఆఫీసు వాళ్ళకు ఒక మాట గట్టిగా చెబుతాను: మెసేజ్ వద్దు, గొంతు వినండి. వాట్సాప్‌లో "ఓకే" అని కొట్టడానికి బుద్ధి అక్కర్లేదు, బొటనవేలు చాలు. ఫోన్లో రెండు మాటలు మాట్లాడిస్తే తేడా తెలిసిపోతుంది. "తిన్నావా, ఏం తిన్నావు, తర్వాత సైట్ ఎక్కడ?" అని అడగండి. జవాబు అడ్డదిడ్డంగా వచ్చిందా, దగ్గరున్న మనిషిని పంపండి.

ఓఆర్ఎస్ గురించి అరనిమిషం. ఒక ప్యాకెట్ లీటరు నీళ్ళకు. సగం బాటిల్లో మొత్తం ప్యాకెట్ గుమ్మరించొద్దు, ఎక్కువ వేస్తే ఎక్కువ బలం కాదు. ఇంకా, డబ్బాల్లో తీపిగా అమ్మే పానీయాలన్నీ ఓఆర్ఎస్ కావు. ఈ సంగతి మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరే వాడకూడదని ఆదేశించింది. అయితే స్పృహ తప్పుతున్న మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకండి. ఓఆర్ఎస్ అయినా, పంచదార నీళ్ళయినా.

ఇప్పుడు కిట్. చూపిస్తాను, ఇదిగో. చూడటానికి చిన్న నడుము సంచి. ఇందులో ఏముందంటే, పెద్ద గాజ్ ప్యాడ్లు రెండు, దానికదే అతుక్కునే పట్టీ చుట్ట ఒకటి, మూడు మూలల గుడ్డ ఒకటి, బ్యాండ్ ఎయిడ్‌లు ఆరు, గ్లౌజులు రెండు జతలు, కళ్ళు కడుక్కోవడానికి చిన్న సెలైన్ సీసా, మొన మొద్దుగా ఉన్న కత్తెర, ఓఆర్ఎస్, గ్లూకోజ్ పొడి, ఒక పెన్ను. ఆఖరిది ఇది. (విజిల్ ఊదారు) అదిరిపడ్డారు కదా! అరిస్తే పది నిమిషాలకు గొంతు పోతుంది. విజిల్‌కు ఊపిరి ఉంటే చాలు. రాత్రి పూట ఊదితే గూర్ఖా అనుకుంటారేమో అని ఒకాయన అడిగాడు. అనుకోనీ, గూర్ఖా అయితే కొంచెం ఊది ముందుకు పోతాడు, ఆగకుండా ఊదితే ఎవరో ఒకరు తిట్టడానికైనా వస్తారు. (నవ్వులు)

కొనేటప్పుడు ఒక్క పరీక్ష చేయండి. ఎడమ చేయి వెనక్కి కట్టుకుని కుడి చేత్తో జిప్ తీయాలి, గాజ్ ప్యాకెట్ పళ్ళతో చింపాలి. తర్వాత కుడి చేయి కట్టుకుని ఎడమ చేత్తో. చేతకాకపోతే అది ఒంటరివాడి కిట్ కాదు. డిక్కీలో పెట్టకండి. కొత్త బండితో వచ్చిన చిన్న కిట్ ఎప్పుడైనా తెరిచి చూశారా? ఎండకు బ్యాండ్ ఎయిడ్ జిగురంతా ఊడిపోయి ఉంటుంది. మనిషి ఎక్కడుంటే కిట్ అక్కడ, ఫోనూ అక్కడే. ఛార్జింగ్‌కు పవర్ బ్యాంక్ జేబులో పెట్టుకోండి, వాచ్‌మెన్ గది వద్దు. కిట్ మర్చిపోయినవాడికి మెడలో తువ్వాల, జేబులో దస్తీ ఉన్నాయి కదా. తువ్వాల మడిస్తే చేతికి ఊయల, విరిగిన కాలికి రెండు అట్టముక్కలు పెట్టి కట్టడానికి కట్టు.

సహాయం అడగడం కూడా నేర్పాలండీ. 108 మన హైదరాబాద్‌లోనే 2005 ఆగస్టు 15న మొదలైంది. ఇప్పటికీ ఫోన్ ఎత్తగానే వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎక్కడ?". మనవాడు చెప్పేది: "అదే సార్, కస్టమర్ ఇంటి దగ్గర." పని మొదలుపెట్టే ముందే అడ్రస్ చూసుకునే అలవాటు చేయించండి. అత్తాపూర్ వైపు దుకాణాల బోర్డుల మీద ఫ్లైఓవర్ పిల్లర్ నంబర్ వేసుకుంటారు, మెట్రో కింద కూడా పిల్లర్లకు నంబర్లున్నాయి. కరెంటు స్తంభాలకు, ట్రాన్స్‌ఫార్మర్లకు పెయింట్‌తో రాసిన నంబర్లుంటాయి. బోర్డు లేని చోట ఆ నంబర్ చెబితే కరెంటు వాళ్ళయినా గుర్తుపడతారు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద పనిచేసేవాళ్ళు కిలోమీటర్ రాయి, ఏ వైపు వెళ్ళే దారి అన్నది రెండూ చెప్పాలి. శంషాబాద్ వైపా, ఘట్‌కేసర్ వైపా తేల్చకపోతే అంబులెన్స్ అవతలి పక్కకు పోయి, మళ్ళీ ఎగ్జిట్ దాకా వెళ్ళి తిరిగి రావాలి. సైట్‌కు చేరగానే లొకేషన్ ఆఫీసు గ్రూపులో పడేయడం అన్నిటికన్నా తేలిక. చాలా ఫోన్లలో పవర్ బటన్ వరసగా అయిదుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్ పోతుంది. సెట్టింగుల్లో దాన్ని ఇవాళే ఆన్ చేసుకోండి. లాక్ స్క్రీన్ మీద రక్తం గ్రూపు, షుగర్ ఉందా, ఫిట్స్ ఉన్నాయా, ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ రాసి పెట్టొచ్చు.

ఫిట్స్ అన్నాను కదా. మీ మనుషుల్లో షుగర్, ఫిట్స్, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఎవరో మీకు తెలుసా? తెలియదు. చెబితే పని నుంచి తీసేస్తారని వాళ్ళ భయం. ఆ భయం ఊరికే రాలేదు, తీసేసినవాళ్ళు ఉన్నారు కాబట్టే వచ్చింది. మూర్ఛ మనిషిని తీసేయకండి, అతన్ని నిచ్చెన మీదికి ఒంటరిగా పంపకండి. కింద చేసే పని ఇవ్వండి. ఒక్కడికి అలా న్యాయం చేసి చూడండి, మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చి చెబుతారు. ఇంకా, ఫిట్స్ వచ్చినవాడి చేతిలో తాళాల గుత్తి పెట్టక్కర్లేదు. పక్కనున్న గట్టి వస్తువులు తీసేసి, తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

కుక్క కాటు గురించి డెలివరీ పిల్లలు అడుగుతారు. సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. 15 నిమిషాలు చాలా ఎక్కువ అనిపిస్తుంది, కడగండి. కట్టు కట్టొద్దు, కారం రాయొద్దు. అదే రోజు టీకాకు వెళ్ళాలి. ఆ టీకా వేసే నారాయణగూడ ఐపీఎం మీ అందరికీ తెలిసిందే. మొదటి డోసు వేయించుకుని మిగతావి ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ, డ్యూటీ రోస్టర్‌లో ఆ తేదీలు మీరే రాయండి.

ఇంతకూ మీకు పైసా ఖర్చు లేని ఏర్పాటు ఒకటి ఉంది. వాచ్‌మెన్. మీవాడు సైట్‌కు వెళ్ళినప్పుడు దగ్గరలో ఉన్న మనిషి సూపర్‌వైజర్ కాదు, ఆ వాచ్‌మెన్, అతని భార్య. "అమ్మా, పైన పని చేస్తున్నా, ఒంటిగంటకల్లా దిగకపోతే ఒకసారి పైకి వచ్చి చూడండి" అని చెప్పి పైకి వెళ్ళమనండి. కొంపల్లి సంఘటన తర్వాత ఆ సంస్థలో మేం మొదట మార్చింది ఇదే. కిట్లు ఆ తర్వాత కొన్నాం. వాళ్ళు సాయం చేయడానికి భయపడతారా అంటే, ఒకప్పుడు భయపడేవాళ్ళు, పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాలని. రోడ్డు మీద దెబ్బ తగిలినవాణ్ణి చేరదీసిన మనిషిని వేధించకూడదని 2016 మార్చి 30న సుప్రీంకోర్టు తేల్చింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్‌గా చేరింది. ఈ మాట మీరు వాచ్‌మెన్‌కు కూడా చెప్పండి, వాళ్ళకు ఎవరూ చెప్పరు.

ఎవరో చేయి ఎత్తారు. చెప్పండి అన్నా. ... అవును, మంచి ప్రశ్న. "గంట గంటకు ఫోన్ చేస్తే మావాళ్ళు నిఘా పెట్టామనుకుంటున్నారు" అంటున్నారు. నిజంగానే నిఘాకు వాడితే అలాగే అనుకుంటారు మరి. "ఇంకా అక్కడే ఉన్నావా, ఎంత సేపు?" అని అడిగే ఫోన్, "ఎలా ఉన్నావు?" అని అడిగే ఫోన్ ఒక్కటి కావు, ఎత్తినవాడికి మొదటి మాటలోనే తెలుస్తుంది. ఈ రెండు పనులూ ఒకే మనిషికి ఇవ్వకండి. టార్గెట్లు అడిగేవాడు వేరు, క్షేమం అడిగేవాడు వేరు ఉండాలి. మాకు ఆ పని ఆఫీసులో లెక్కలు రాసే ఒక అమ్మ చేసేది. నోటుబుక్కులో గీతలు గీసుకుని, టైమ్ దాటి పదిహేను నిమిషాలైనా జవాబు రాకపోతే సైట్ వాచ్‌మెన్‌కు, ఆ తర్వాత దగ్గరలో ఉన్న ఇంకో టెక్నీషియన్‌కు ఫోన్ చేసేది. ఎవరినీ అడగక్కర్లేకుండా మనిషిని పంపే అధికారం ఆమెకు ఇచ్చాం. మూడేళ్ళలో ఆమె 11 సార్లు అలా పంపింది. తొమ్మిదిసార్లు ఊరికే, బ్యాటరీ అయిపోయింది, లేదా అన్నం తింటూ ఎత్తలేదు. ఓనర్ పెట్రోలు ఖర్చు లెక్కేశాడు. మిగతా రెండుసార్లు ఏమైందో ఆయనే చెప్పేవాడు అందరికీ. ఒకసారి షుగర్ పడిపోయి మెట్ల మీద కూర్చున్న మెకానిక్, ఇంకోసారి బండి స్కిడ్ అయి నాలాలో పడినవాడు.

టీ వస్తోందని చెబుతున్నారు. టీకి ముందు పది నిమిషాలు పని ఉంది. ఆ మూల బల్ల మీద 40 గాజ్ ప్యాకెట్లు, 40 పట్టీలు పెట్టాను. ఓనర్లు కూడా రావాలి, మీరే ముందు. ఎడమ చేయి తెగిందనుకోండి, కుడి చేత్తో మీ కట్టు మీరే కట్టుకోవాలి. పక్కవాళ్ళు సాయం చేయొద్దు, చూస్తూ నవ్వుకోండి, పరవాలేదు. ముందు వరసలో గడియారం చూసుకున్న తమ్ముడూ, నువ్వు టైమ్ చూడు. రెండు నిమిషాలు. ఎవరి కట్టు జారిపోతే వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి. రెడీయా?